కోర్టు హాల్లో చదివింపులు

పోయిన వారం ఒక గరిటె గురించి నాకు ఫోనొచ్చింది.

చేసింది నా సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి. పాప పుట్టాక నేను సెలవు మీద సెలవు పొడిగించుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాను. అందుకని మా మేజిస్ట్రేటు కోర్టులో ప్రాపర్టీ గది తాళాలు ఇప్పుడు ఆమె దగ్గరున్నాయి. "అక్కా, బీరువా వెనక మేకుకి ఒక స్టీలు గరిటె వేలాడుతోంది. రిజిస్టరు మొత్తం మూడుసార్లు చూశాను. ఏ కేసులోనూ లేదు. ఇన్‌స్పెక్షన్లో అడిగితే ఏం చెప్పాలి? అన్నం సయించట్లేదక్కా" అంది.

మూడుసార్లు చూశానన్న మాట వినగానే ఆ సీటు సరైన మనిషికే దక్కిందని ధైర్యం వచ్చింది. నేనూ అంతే. గ్యాసు కట్టానో లేదో చూసుకోవడానికి గుణదల బస్టాపు దాకా వచ్చి వెనక్కి నడిచిన రోజులున్నాయి. ఇప్పుడైతే పాప నిద్రపోతుంటే గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. గరిటె సంగతి ఫోన్లో సగం చెప్పేసరికి పాప లేచింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, దొంగ సొత్తు తాళాలు చేతికొచ్చే ఏ కొత్త ఉద్యోగికైనా పనికొస్తుందని నా ఆశ.

దొంగకి శిక్ష పడితే కేసు అయిపోయిందని బయటివాళ్ళు అనుకుంటారు. మా గదికి పని అప్పుడే మొదలవుతుంది. పోలీసులు స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువుకీ కోర్టులో ఒక నంబరు పడుతుంది. దాన్ని ఎం.ఓ. అంటాం, మెటీరియల్ ఆబ్జెక్టు అని. ఎం.ఓ. ఒకటి, ఎం.ఓ. రెండు, అలాగ. ఎర్ర రంగుతో నంబరు వేసి, చీటీ కట్టి, గదిలో పెడతాం. ఆ వస్తువులు ఎవరికి చేరాలో తీర్పు చివర్లో మేజిస్ట్రేటు గారు ఒక వాక్యం రాస్తారు. అప్పీలు గడువు దాటాక ఆ వాక్యంలో ఉన్న మనిషి వచ్చి, వస్తువు గుర్తుపట్టి, సంతకం చేసి పట్టుకెళ్ళాలి. సైకిలు పోయినవాళ్ళకి సైకిలు, గొలుసు పోయినవాళ్ళకి గొలుసు. ఆ వాక్యంలో ఒక్క మనిషే ఉంటే గొడవ లేదు.

నాకు తగిలిన కేసులో ఆ వాక్యం ఇది: "ఎం.ఓ. ఒకటి నుంచి నలభై మూడు వరకు గల వస్తువులను వాటి వాటి సొంతదారులకు అప్పగించవలెను."

నేను చేరి అప్పటికి ఏడు నెలలు. మా కోర్టు ఏ ఊళ్ళో ఉందో చెప్పను. విజయవాడలో హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళే బస్సెక్కితే దారిలో వస్తుంది, అంతవరకు చాలు. ఆ ఊళ్ళో ఇల్లు కట్టుకున్న ఒక కాలేజీ లెక్చరరు గారు పండక్కి గోడలకి రంగులేయించుకున్నారు. రంగులేసినవాడు వెనక గది అటక మీద రెండు గోనెసంచుల నిండా స్టీలు సామాను చూశాడు. వాళ్ళు కొండపల్లిలో పెళ్ళికి వెళ్ళిన రోజు ఒక సంచి దించుకుపోయాడు. సంచి పోయిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వారం తర్వాత వాడు ఆ సంచిలోని బిందె ఒకటి హనుమాన్ జంక్షన్లో పాతసామాన్ల కొట్టుకి పట్టుకెళితే, కొట్టువాడు దాని మీద పేరు చదివి, ఆ పేరుగలాయన పక్క వీధిలోనే ఉంటే కబురు పెట్టాడు. ఆయన లెక్చరరు గారి చెల్లెలి భర్త. అలా, మీ ఇంట్లో దొంగతనం జరిగిందని ఇంటివాళ్ళకి పోలీసులు వెళ్ళి చెప్పాల్సి వచ్చింది.

పోలీసులు రంగులేసేవాడి ఇంటికెళ్ళి అక్కడ స్టీలన్నది ఏది కనిపిస్తే అది సంచిలో వేసుకొచ్చారు. ఎస్సై గారు శ్రద్ధగల మనిషి. ప్రతి గిన్నె మీదా ఏం రాసుందో అక్షరం పోకుండా జాబితాలో ఎక్కించారు. మన వైపు స్టీలు సామాను పేరు వేయించకుండా ఎవరిస్తారు? కొట్లోనే చిన్న మిషను ఉంటుంది. గీరుమంటూ చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఇస్తారు. ఆ పేరు పుచ్చుకునేవాళ్ళది కాదు, ఇచ్చేవాళ్ళది. నలభై మూడు వస్తువుల మీద కలిపి ఇరవై రెండు పేర్లు తేలాయి. ఇరవై రెండు పేర్లు చూసిన మేజిస్ట్రేటు గారు "సొంతదారులకు" అని రాశారు.

ఇచ్చినవాళ్ళ పేరు ఉంటుందని నీకు తెలియదా అంటారు. తెలుసు. మా ఇంట్లో నేను చిన్నప్పట్నుంచి తిన్న కంచం మీద మా మేనత్త పేరుంది. కానీ ఆఫీసులో అడుగు పెట్టాక ఇంట్లో తెలిసినవన్నీ చెప్పులతోపాటు బయటే వదిలెయ్యాలని అప్పట్లో నా నమ్మకం.

హెడ్ క్లర్కు గారిని అడిగాను. ఆయన ఇన్‌స్పెక్షన్ ఫైళ్ళలో పీకల్దాకా మునిగి ఉన్నారు.

"సార్, ఈ కేసులో సొంతదారులు ఎవరండీ?"

"వస్తువుల మీద పేర్లున్నాయా?"

"ఉన్నాయి సార్. ఇరవై రెండు."

"అయితే ఇరవై రెండు నోటీసులు" అని తలెత్తకుండానే అన్నారు.

అడ్రసుల కోసం లెక్చరరు గారికి ఫోను చేశాను. ఆయన ఒక్కొక్కరి ఇంటి నంబరు, వీధి, పక్కన గుడి ఉంటే గుడి, ఓపిగ్గా చెప్పారు. మీ చుట్టాలందరి అడ్రసులూ కోర్టుకెందుకని ఒక్క ముక్క అడగలేదు. తర్వాత ఒకసారి నేనే అడిగితే, "కోర్టు అడుగుతుంటే ఎందుకంటారటండీ?" అన్నారు. ఇంట్లో ఆవిడకి చెప్పారా అంటే అదీ లేదు.

కొన్ని గిన్నెల మీద పేరు కూడా లేదు. ఒక పెద్ద బేసిన్ మీద "ప్రేమతో మీ పెద్దమ్మ" అని ఉంది. నేను "శ్రీమతి పెద్దమ్మ గారికి" అని నోటీసు రాశాను. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి కానీ, ఆ రోజు అది కూడా మంచి దస్తూరీతో రాశాను. కోర్టు కానిస్టేబులు దాన్ని వెనక్కి తెచ్చాడు. కింద ఇలా రాసుంది: "సదరు ఇంటికి ముగ్గురు పెద్దమ్మలు కలరు. ఎవరికి ఇవ్వవలెనో తెలియక వాపసు." నేను మూడు కాపీలు తీసి ముగ్గురికీ పంపాను. ఇంకొకటి "మా తాతగారి జ్ఞాపకార్థం" అని చెక్కిన కూజా. ఆ తాతగారి పేరున వెళ్ళిన నోటీసు ఆయన భార్య, ఎనభై ఏళ్ళావిడ, వేలిముద్ర వేసి పుచ్చుకుంది. ఆయన పోయాక కోర్టు నుంచి కాగితం రావడం అదే మొదటిసారని ఆవిడ సంబరపడిందట.

ఈ నోటీసులు తయారవుతున్న రోజుల్లోనే ఆ రంగులేసేవాడి భార్య మొదటిసారి వచ్చింది. సోమవారం. చంకలో చంటిపిల్ల, చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక పిల్లాడు.

"అమ్మా, మా గిన్నెలు కూడా మీ దగ్గరే ఉన్నాయంట."

"మీవి అంటే?"

"అన్నం వండుకునే గిన్నె, నాలుగు కంచాలు. మా ఆయన తెచ్చినయి కాదమ్మా. మా పెళ్ళికొచ్చినయి. పోలీసోళ్ళు పొయ్యి మీద గిన్నె దించి, అన్నం విస్తట్లో పోసి మరీ పట్టుకెళ్ళారు."

"వాటి మీద పేరుందా?"

"ఉందమ్మా. అమ్మగారి పేరు."

లెక్చరరు గారింట్లో ఆరేళ్ళుగా అంట్లు తోమేది ఆమే. ఆ ఇంటావిడే ఈమె పెళ్ళికి ఆ ఐదూ కొనిచ్చి, తమ దంపతుల పేర్లు వేయించారు. ఈమెది కొల్లేటి లంకల్లో చేపలు పట్టే కుటుంబం. నచ్చినవాణ్ణి చేసుకుందని పుట్టింటివాళ్ళు ఒక్కరూ పెళ్ళికి రాలేదు. ఆ పెళ్ళికి వచ్చిన సామానంతా ఆ ఐదే.

నేను రిజిస్టరు తీశాను. ఎం.ఓ. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు. ఎదురుగా లెక్చరరు గారి పేరు, భార్య పేరు. "పేరు వాళ్ళది కదమ్మా. వాళ్ళకే వెళతాయి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదా తోసెయ్యను.

ఆమె ఏడవలేదు, గొడవ పెట్టలేదు. "పక్కింటోళ్ళ గిన్నెలో వండుతున్నానమ్మా. వాళ్ళు వండుకుని కడిగాక ఇస్తారు. పిల్లాడు బడికెళ్ళేలోపు ఒక్కోరోజు కుదరదు" అంది.

హెడ్ క్లర్కు గారు ఫైల్లోంచి, "ఓ సత్తు గిన్నె కొనుక్కోరాదూ?" అన్నారు.

"కొంటే అది కూడా దొంగదే అంటారేమోనని భయమండీ."

మా అటెండరు గారు, సర్వీసు ముగింపులో ఉన్న పెద్దమనిషి, గుమ్మం దగ్గర నిలబడి ఈ మాట విన్నారు. ఆమె వెళ్ళాక నాతో, "అమ్మాయిగారూ, ఆ గిన్నె అడుగున మాడు గమనించారా?" అన్నారు.

"ఏ గిన్నె అండీ?"

"ముప్పై ఒకటి. మిగతావన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలాగా మెరుస్తున్నాయి. అదొక్కటే వంట చేసినట్టు కనిపిస్తోంది."

వెళ్ళి చూశాను. నిజమే. కంచాలకి కూడా గీతలున్నాయి. కానీ మాడు గురించి రిజిస్టర్లో గడి లేదు. నేనేం చేస్తాను? తలుపు తాళం వేశాను, రెండుసార్లు లాగి చూశాను, ఇంటికెళ్ళాను. ఆ పూట అన్నం వడ్డించుకుంటుంటే మేనత్త పేరున్న కంచం నన్నే చూస్తున్నట్టనిపించింది.

తర్వాతి సోమవారం ఆమెతోపాటు మొగుడూ వచ్చాడు. రిమాండులో ఉన్న రోజులే శిక్షలో జమ అయిపోవడంతో వాడు బయటే ఉన్నాడు. చేతి వేళ్ళకి ఇంకా పసుప్పచ్చ రంగు అంటుకునే ఉంది.

"మేడమ్, లెక్క తేడా ఉందండీ. నేను తీసింది ముప్పై ఎనిమిది. మీరు నలభై మూడు రాశారు" అన్నాడు.

హెడ్ క్లర్కు గారు కళ్ళజోడు తీశారు. "విన్నావా అమ్మా? దొంగ మన లెక్కలో తప్పు పడుతున్నాడు."

"తప్పు కాదండీ. బిందెలు రెండు, బేసిన్లు మూడు, క్యారేజీ ఒకటి, కూజా ఒకటి..." అని వాడు వేళ్ళు మడుస్తూ ముప్పై ఎనిమిదీ అప్పజెప్పాడు. నేను రిజిస్టరులో వేలు పెట్టుకుని చూస్తూనే ఉన్నాను. ఒక్కటి తప్పలేదు. ఆ కేసులో ఏది ఎవరిదో నిజంగా తెలిసిన మనిషి ఊరు మొత్తం మీద వాడొక్కడే. వాడి మాట మాత్రం చెల్లదు, శిక్ష పడినవాడు కాబట్టి.

"నీ సొంత గిన్నెలు కూడా దొంగిలించానని కోర్టులో ఎందుకు ఒప్పుకున్నావయ్యా?" అని అడిగాను.

"కట్టకట్టి చదివారండీ. మొత్తం నలభై మూడు, ఒప్పుకుంటావా అన్నారు. ముప్పై ఎనిమిదే ఒప్పుకుంటానంటే కేసు ఏళ్ళ తరబడి లాగుతుందన్నాడండీ లాయరు గారు. పోన్లే, అయిదు గిన్నెలే కదా అనుకున్నా."

ఆమె వాడి వైపు చూసిన చూపు మాత్రం ఏ కోర్టూ వెయ్యలేని శిక్ష.

నోటీసు తేదీ కూడా సోమవారమే పడింది. ఆ రోజు నేను బస్సు దిగేసరికే కోర్టు ఆవరణలో జనం. పట్టుచీరలు, సంచులు, ఒకరి చేతిలో పూలు కూడా ఉన్నాయి. కోర్టు నోటీసంటే భయపడాలో, చుట్టాలందరూ వస్తున్నారంటే సంతోషించాలో తేల్చుకోలేక రెంటికీ సరిపడా తయారై వచ్చినట్టున్నారు. నేను లెక్క పెడితే పాతికమందికి పైనే. "ఇవాళ మన కోర్టులో ముహూర్తం ఏమన్నా ఉందా?" అని ఒక లాయరు గారు అడిగి వెళ్ళారు.

లెక్చరరు గారి భార్య నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "నా సామాను నాకివ్వడానికి మా చుట్టాలందర్నీ పిలిచింది ఎవరండీ?"

"నోటీసు... రూలు ప్రకారం..." అన్నాను.

ఇంతమందిని నా గదిలో నిలబెట్టడం కుదరదు. మేజిస్ట్రేటు గారు, చిన్న వయసాయన, తక్కువ మాట్లాడే మనిషి, సంగతి విని ఒక నిమిషం నా ముఖంలోకి చూశారు. భోజనాల తర్వాత హాల్లోనే తేలుద్దాం, వస్తువులన్నీ పైకి తెప్పించండి అన్నారు. అటెండరు గారు, నేను నాలుగు విడతలుగా మోశాం. లాయర్లు కూర్చునే పొడుగు బల్ల మీద బిందెలు, బేసిన్లు, డబ్బాలు, గ్లాసులు వరసగా పేర్చాం. బెంచి క్లర్కు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఎం.ఓ. ఒకటి. స్టీలు బిందె. హనుమాన్ జంక్షను నుంచి చెల్లెలు, బావగారి శుభాకాంక్షలతో!" ఆ తర్వాత వాళ్ళ పేర్లు కూడా చదివారు.

అటెండరు గారు నా చెవి దగ్గర, "చదివింపులు మొదలయ్యాయి. తాంబూలాలే తక్కువ" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని లోపల లెక్కలేసుకుంటున్నాను.

లెక్చరరు గారి చెల్లెలు ముందుకొచ్చి బిందెని అటూ ఇటూ తిప్పింది. "వదినా, గృహప్రవేశానికి ఇచ్చి ఏడేళ్ళయింది. కంపెనీ స్టిక్కరు కూడా పీకలేదేం?"

"నీ గుర్తుగా దాచుకున్నానమ్మా."

"అటక మీదా?"

బెంచి క్లర్కు గారు తల తిప్పకుండా తర్వాతి దానికి వెళ్ళారు. కొండపల్లి నుంచి వచ్చిన ఒకాయన, థర్మల్ స్టేషనులో పని, నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని, "నా పేరే. కానీ ఇది నేను మా బావమరిదికి ఇచ్చిందండీ. ఇక్కడికెలా వచ్చింది?" అన్నారు. ఆ బావమరిది ఆయన పక్కనే నిలబడి కిటికీలోంచి బయట చెట్టుని చూడటం మొదలుపెట్టాడు. తాతగారి భార్య కూజాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముగ్గురు పెద్దమ్మలూ బేసిన్ చుట్టూ చేరి, అంత చిన్న బేసిన్ ఇచ్చింది తాను కాదంటే తాను కాదని వాదించుకున్నారు. ఎవరూ ఇంకా ఏదీ నాదనలేదు. అందరూ ఎవరి పరువు వాళ్ళు చూసుకుంటున్నారు.

"ఎం.ఓ. ముప్పై ఒకటి. స్టీలు గిన్నె, ఒకటి. ముప్పై రెండు నుంచి ముప్పై అయిదు, కంచాలు, నాలుగు." ఆ తర్వాత లెక్చరరు గారి పేరు, భార్య పేరు చదివారు.

ఆవిడ ముఖం ఒక్కసారిగా విప్పారింది. అప్పటిదాకా బల్ల మీద తనదని చెప్పుకోవడానికి ఒక్క అక్షరం దొరకలేదు మరి. గిన్నె రెండు చేతులతో ఎత్తి, "ఇదిగోండి. ఇవి మావి" అంది.

వెనక గోడ దగ్గర్నుంచి, "అమ్మగారూ" అని చిన్న గొంతు. పిల్లని మొగుడి చేతికిచ్చి ఆమె రెండడుగులు ముందుకొచ్చింది. "అవి మీరే ఇచ్చారు కదమ్మగారూ. నా పెళ్ళికి."

మేజిస్ట్రేటు గారు పెన్ను కింద పెట్టారు. "ఇచ్చారామ్మా?"

"ఇచ్చాను సార్. నా చేతులతో ఇచ్చాను. ఇంటి తాళాలు కూడా దాని చేతికే ఇచ్చాను. అందుకే ఒళ్ళు మండుతోంది."

"నేను తీయలేదమ్మగారూ. ఆయన తీశాడని నాకు తెలీనే తెలీదు."

"తెలీదంటే నమ్మమంటావా? ఒకే చూరు కింద ఉంటూ!"

"ఆ సంగతి కేసులో లేదు. ఈ అయిదు వస్తువులు ఎవరివి? అదొక్కటే చెప్పండి" అన్నారు మేజిస్ట్రేటు గారు.

ఆవిడ గిన్నె తిప్పి పేరున్న వైపు చూపించింది. "పేరు మాది కదండీ. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పేరు ఎవరిదైతే వస్తువు వాళ్ళది."

సరిగ్గా నేను పదిహేను రోజుల క్రితం అన్న మాట. ఇంకొకరి నోట విన్నాక గానీ అదెంత చెడ్డగా ఉందో నాకు తెలియలేదు.

"విన్నారుగా సార్" అంది లెక్చరరు గారి చెల్లెలు. బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "మా వదినే అంది. పేరు ఎవరిదైతే వస్తువు వాళ్ళది. ఇది నాది. ఎక్కడ సంతకం పెట్టాలమ్మాయ్?"

"అయితే క్యారేజీ నాది" అన్నారు కొండపల్లి ఆయన.

"కూజా మా ఆయనది" అంది ముసలావిడ.

నిమిషం క్రితం బేసిన్ తనది కాదన్న ముగ్గురు పెద్దమ్మలూ మూడు వైపులా పట్టుకున్నారు. డబ్బాలు, గ్లాసులు, టిఫిను ప్లేట్లు గలగలమంటూ చేతుల్లోకి, సంచుల్లోకి వెళ్ళిపోయాయి. అటెండరు గారు "ఆగండి, ఆగండి, చీటీలు ఊడతాయి!" అని అరుస్తున్నారు. నేను రిజిస్టరు గుండెలకి హత్తుకుని నిలబడ్డాను. చూస్తుండగానే పొడుగు బల్ల ఖాళీ అయిపోయింది. నాలుగు కంచాలు మిగిలాయి. గిన్నె ఆవిడ చేతుల్లో ఉంది.

మేజిస్ట్రేటు గారు ఆపలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అందరూ సర్దుకున్నాక అడిగారు: "చెప్పండమ్మా. మీరన్న రూలే రాయమంటారా?"

ఆవిడ ఖాళీ బల్ల వైపు చూసింది. చంకన బిందెతో నవ్వుతున్న ఆడపడుచు వైపు చూసింది. భర్త వైపు చూసింది. ఆయన ఆ మధ్యాహ్నం మొదటిసారి నోరు విప్పారు. "కొట్లో పేరు వేయిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. అక్షరాలు పెద్దగా వెయ్యమన్నది నువ్వే, పిల్ల గుర్తుంచుకోవాలని."

"మీరు ఊరుకోండి" అందావిడ. ఆవిడ గిన్నెని బల్ల మీద కంచాల పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇచ్చిన వస్తువు పుచ్చుకున్నవాళ్ళదేనండీ. రాసుకోండి." ఆ తర్వాత పనమ్మాయి వైపు చూడకుండానే, "అడుగంతా మాడబెట్టుకుంది, మనిషికి ఎప్పుడూ కుదురు లేదు" అంది.

మేజిస్ట్రేటు గారు రాశారు. చుట్టాలందరూ సంచుల్లోంచి ఒక్కొక్కటే తీసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. ఆడపడుచు బిందె పెడుతూ, "ఈసారన్నా నీళ్ళు పట్టు వదినా" అంది. లెక్చరరు గారు ముప్పై ఎనిమిదింటికి సంతకం పెట్టారు. రంగులేసేవాడి భార్య అయిదింటికి పెట్టింది. ఆమెకి సంతకం వచ్చు. పేరు పూర్తిగా, పొల్లులతో సహా, నెమ్మదిగా రాసింది.

"నోటీసులు తయారుచేసింది ఎవరు?" అన్నారు మేజిస్ట్రేటు గారు లేచి వెళుతూ.

చెయ్యెత్తాను, బళ్ళో పిల్లలాగా.

"ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి."

"చెయ్యను సార్."

రెండడుగులు వేసి ఆగారు. "ఆ పెద్దమ్మ గారి నోటీసు కాపీ ఒకటి నా టేబుల్ మీద పెట్టండి."

ఇక గరిటె. అన్నీ అప్పగించాక సంచి దులిపితే అడుగున ఒక గరిటె పడింది. జాబితాలో లేదు. దాని మీద ఏ పేరూ లేదు. లెక్చరరు గారి భార్య తనది కాదంది. రంగులేసేవాడు, "నేను తీయలేదండీ. ఇంక నేను ఒప్పుకోను" అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. పోలీసు స్టేషనులో వంట చేసుకునేవాళ్ళది పడిందేమోనని కానిస్టేబుల్ని అడిగితే, స్టేషను గరిటె దొంగ సంచిలోకి వచ్చిందని ఎవరు రాసిస్తారమ్మా అన్నాడు. అటెండరు గారు దాన్ని ఆమె గిన్నెలో పెట్టబోయారు. "తీసుకెళ్ళమ్మా. ఎవరూ అడగట్లేదు. కూర కలుపుకోడానికి పనికొస్తుంది."

ఆమె గరిటె తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "వద్దు బాబాయిగారూ. మాది కానిది ఒక్క సంచి ఇంట్లోకొస్తే, మాది కూడా మాది కాకుండా పోయింది. చూశారుగా."

అందుకే చెల్లీ, ఆ గరిటె మేకుకి ఉంది. ఇన్‌స్పెక్షన్లో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ వాళ్ళు గరిటె వైపు చూసి, నా వైపు చూసి, తర్వాతి బీరువాకి వెళ్ళిపోయారు.

ఆమెని తర్వాత ఒక్కసారే చూశాను. నాకు ఏడో నెల. బస్సులో నా పక్కన చోటుంటే వచ్చి కూర్చుంది. ఒళ్ళో గుడ్డ కట్టిన గిన్నె. ఎక్కడో ఇల్లు కడుతుంటే మొగుడు రంగుల పనికి వెళ్ళాడట, భోజనం తీసుకెళుతోంది. లెక్చరరు గారింట్లో మళ్ళీ చేరావా అంటే, "చేరానమ్మా. తాళాలు మాత్రం ఇవ్వట్లేదు. అంట్లు పెరట్లోకే పంపిస్తారు" అంది. ఆ మాటలో కోపం లేదు.

బస్సు కుదుపుకి గుడ్డ కాస్త జారింది. గిన్నె అద్దంలా తోమి ఉంది. పైన చుక్కలు చుక్కలుగా ఆ దంపతుల పేర్లు. వాటి కింద, నేను కుంచెతో వేసిన ఎర్ర అంకె, ముప్పై ఒకటి, చెక్కు చెదరకుండా ఉంది. అప్పగించేటప్పుడు దాన్ని తుడిచి ఇవ్వాల్సింది నేనే. మర్చిపోయాను.

"అయ్యో, అది కిరసనాయిలుతో రుద్దితే పోతుందమ్మా" అన్నాను.

"తెలుసమ్మా. మా ఆయన రంగులోడే కదా. నేనే వద్దన్నాను." ఆమె గుడ్డ మళ్ళీ సర్ది, ముడి బిగించింది. "పైన పేరు చూసి దొంగదన్నారు. కింద నంబరు చూసి మాదన్నారు. చుట్టూ తోముతాను గానీ, దాని మీద పీచు పడనివ్వను."